బొమ్మలు ఎందుకు ఆలస్యమవుతున్నాయంటే

తిరుపతిలో మా షాపులో పెన్సిల్ పోర్ట్రెయిట్లకు అడ్వాన్సు ఇచ్చి ఎదురుచూస్తున్న అందరికీ. వారంలో ఇస్తానన్న బొమ్మలు మూడు వారాలైనా ఇవ్వలేకపోతున్నాను. ఒంట్లో బాగానే ఉంది. తల గీయడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటున్నాను, అందుకే.

సంక్రాంతి తర్వాత ఒకామె వాళ్ల నాన్నగారి బొమ్మ కోసం వచ్చారు. పాత ఫోటోలో ఆయనకు తలపాగా ఉంది, అది లేకుండా గీయమన్నారు. బొమ్మను చాలాసేపు చూసి, “మా నాయన మాదిరే ఉండాడు సామీ, కానీ మా నాయన కాదు” అని, డబ్బు మొత్తం ఇచ్చి వెళ్లిపోయారు. నాలుగు తిట్టి పోయినా బాగుండేది.

ఇన్నాళ్లూ ఫోటో మీద గళ్లు గీసి, ఒక్కో గడీ కాగితం మీదికి ఎక్కించేవాణ్ని. ఫోటోలో ఉన్నంతవరకు కొలత తప్పదు. లేనిది ఊహించాల్సి వస్తే దొరికిపోతాను. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్లు సరిగ్గా సగంలో ఉంటాయి. నేను కళ్లను పైకి జరిపి, నెత్తి కోసేశాను. పైన జుట్టు వేసేసరికి తప్పు నాకే కనపడలేదు.

మందు మన ఊళ్లోనే దొరికింది. పొద్దున్నే బస్టాండులో స్కెచ్‌బుక్ పట్టుకుని కూర్చుంటున్నాను. కొండ దిగి వచ్చిన గుండ్లు ఎన్ని కావాలంటే అన్ని! గంధం పూసిన గుండు మీద వెలుగు ఎక్కడ ఆగుతుందో, చెవి వెనక ఎముక ఎలా ఉబ్బుతుందో చక్కగా తెలుస్తుంది. చంటిపిల్లల గుండ్లయితే మరీనూ, కళ్లు సగానికి కిందే. నా పిల్లల బొమ్మలన్నీ పొట్టి పెద్దమనుషుల్లా ఎందుకు వచ్చేవో అక్కడ తెలిసింది. ఒకాయన “నా గుండు గీస్తావా?” అని కోప్పడ్డాడు, బొమ్మ చూశాక భార్యను కూడా కూర్చోబెట్టాడు.

సెల్ఫీలు మాత్రం పంపకండి. ఫోన్ మొహానికి దగ్గరగా ఉంటే ముక్కు లావవుతుంది, చెవులు వెనక్కిపోతాయి. కిటికీ పక్కన, ఐదారడుగుల దూరం నుంచి ఎవరితోనైనా తీయించండి. నిలువెత్తు బొమ్మలు ఇప్పట్లో తీసుకోను. మనిషి ఎత్తు దాదాపు ఏడున్నర తలలన్న లెక్క తెలుసు గానీ, వేళ్లు గీస్తే ఇంకా బెండకాయల్లాగే వస్తున్నాయి.

ఆగలేనివాళ్లు అడ్వాన్సు వెనక్కి తీసుకోండి, ఏమీ అనుకోను. ఆ తలపాగా నాయన కూతురి నంబరు బిల్లు బుక్కులో రాసుకోలేదు. ఇది మీ కంటపడితే ఒకసారి రండమ్మా. మళ్లీ గీశాను, డబ్బులేమీ వద్దు.