ఆ చేపల మామ్మకి, ఇంకా అందరికీ వందనాలు

రాత్రి ఒంటిగంట దాటింది, నిద్ర పట్టట్లేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను, తప్పులుంటే క్షమించండి.

పొద్దున్న ఆరాధనలో ప్రభు బల్లకి (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచారానికి) ముందు నేను లేచి ఏం చెప్పానో మా సంఘం వాళ్లకి తెలుసు. తెలియని వాళ్లకి చెప్తున్నాను, స్త్రీల సమాజం పిడికెడు బియ్యం డబ్బుల్లోంచి 2022 నుంచి రెండేళ్లు కొంచెం కొంచెంగా 60,000 వాడేసుకున్నాను. లెక్కలు రాసేది నేనే. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక్కో ఇంట్లో పిడికెడు తీసి డబ్బాలో వేసి ఆదివారం తెచ్చిన బియ్యం అవి, పాచిపనికెళ్లే అక్కల ఇళ్లవి కూడా, అవి అమ్మిన డబ్బుతో నేను బండి ఈఎంఐ కట్టాను.

మూడు వారాల కింద ఒక సాయంత్రం మన విశాఖలో రాస్ హిల్ చర్చి మెట్ల మీద కూర్చున్నాను. మాది ఆ చర్చి కాదు, ఎవరూ పలకరించరని వెళ్లానంతే. రెండు మెట్లు కింద ఖాళీ గంప పక్కన పెట్టుకుని ఒక మామ్మ కూర్చుంది. నేను ఏడుస్తున్నట్టు నాకే తెలీదు. "ఏటైనాది నాయినా" అంది. అంతే, మా ఆవిడకి కూడా చెప్పనిది ముక్కూమొహం తెలీని ఆవిడకి మొత్తం చెప్పేశాను. పర్లేదులే దేవుడు క్షమిస్తాడు అంటదనుకున్నా. అనలేదు. కాసేపాగి "ఆ డబ్బులు ఎవులియి?" అంది. రోజూ రాత్రి దేవుడి దగ్గర ఒప్పుకుంటున్నాను మామ్మా, పాపం ఒప్పుకుని ఏడ్చే 51వ కీర్తన కంఠతా వచ్చు అన్నాను. "జక్కయ్య సెట్టు దిగీసి ఊరుకున్నాడేటి? ఇచ్చీసినాడు కదా" అంది. బైబిల్లో యేసుని చూడ్డానికి చెట్టెక్కిన పన్నుల వసూలుదారుడు జక్కయ్య. చదువు రాదంట ఆవిడకి, చర్చిలో విన్నదే.

"పద, నాను వస్తాను" అని ఆటో ఎక్కించింది. కంచరపాలెంలో సమాజం అమ్మగారి గేటు దగ్గర నా కాళ్లు ఆడలేదు. మామ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది, మణికట్టు మీద ఎండిపోయిన చేప పొలుసు ఒకటి అంటుకుని ఉంది, ఇప్పుడు రాస్తుంటే కూడా అదే కళ్ల ముందుంది. గంట తర్వాత బయటికొస్తే అరుగు మీద అలాగే కూర్చుంది. "సెప్పీసినావా?" అంది. తలూపాను. గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. పేరు అడగలేదు. ఆటో డబ్బులు కూడా ఆవిడే ఇచ్చింది.

అమ్మగారు కోప్పడ్డారు, ఏడ్చారు, ఆఖరికి సంఖ్యాకాండం 5:7 తీసి చూపించారు, అసలుకి అయిదో వంతు కలిపి ఇవ్వాలని. 12,000 కలిపి 72,000 కట్టేశాను. మా ఆవిడ గాజులు, అన్నయ్య సర్దింది, వాళ్లకి ఇక్కడ థాంక్స్ అంటే తిడతారు. రెండేళ్లు నేను ఏడ్చింది పట్టుబడతానేమో అన్న ఏడుపే, ఆ పిడికెళ్లు ఎవరివో తలుచుకుని ఏడ్చింది మాత్రం అమ్మగారి ముందే. 2 కొరింథీ 7:10లో రెండు రకాల దుఃఖాలు, మారుమనస్సు తెచ్చేది ఒకటి, ఉత్త లోక దుఃఖం ఒకటి అన్నది నాకు ఆ గదిలోనే అర్థమైంది.

ఒకటి మాత్రం చెప్పకుండా ఉండలేను. ముందే ఒప్పుకుందామని మూడు ఆదివారాలు పాస్టరు గారి కోసం నిలబడ్డాను, టైం దొరకలేదు. ఒక కమిటీ పెద్దాయనకి చెప్తే సైలెంట్‌గా పెట్టెలో వేసెయ్, బయటికి తెలిస్తే సంఘం పేరు పోద్ది అన్నారు. ప్రార్థన మనవులకి ఫోన్ నెంబరుంది, స్వస్థత కూటాలకి ఫ్లెక్సీలున్నాయి, నేను దొంగతనం చేశానండీ అని చెప్పుకుంటే వినడానికి ఒక్క మనిషి లేడు. 1805లో లండన్ మిషన్ వాళ్లొచ్చి కూర్చుని సువార్తలు తెలుగులోకి తెచ్చిన ఊరండి మనది. ఒకనితో ఒకడు ఒప్పుకోమని యాకోబు 5:16 ఇంకా అందులోనే ఉంది కదా.

ఫిషింగ్ హార్బర్ వైపు వాళ్లెవరికైనా ఆ మామ్మ తెలిస్తే, ఆకుపచ్చ గళ్ల చీర, మనిషి పొట్టి, ఆ అబ్బాయి డబ్బులు ఇచ్చేశాడని చెప్పండి ప్లీజ్.

అయ్యో మర్చిపోయాను, రెండు రాత్రులు కూర్చుని పాత లెక్కల పుస్తకం మొత్తం నాతో సరిచూసిన యూత్ తమ్ముడికి, పొద్దున్న చెప్తుంటే మధ్యలో నా గొంతు పోతే వాటర్ బాటిల్ ముందుకి పంపిన చెల్లికి కూడా వందనాలు. ఇంకా, రొట్టె తీసుకోకుండా తల దించుకుని కూర్చుంటే పళ్లెం పట్టుకుని నా దగ్గరే ఆగిపోయి నిలబడ్డావు కదా అన్నా, నీకు కూడా.