పేరు చెప్పకుండా వెళ్లిన పెద్దావిడకు కృతజ్ఞతలు

అమ్మా, పేరు అడిగితే నవ్వి ఊరుకున్నారు. అందుకే అందరి ముందూ ఇలా చెప్పుకోవలసి వస్తోంది.

నలుగురి చందాలతో కొన్న ఈ బీడునేలను మళ్లీ అడవి కానివ్వాలన్నది మా ప్రయత్నం. వరుసగా మొక్కలు నాటించడం ఎవరైనా చేయిస్తారు. మీరు ముందుగా పిల్లలను నేల మీద కూర్చోబెట్టి చూడమన్నారు. కొన్ని విత్తనాలు మట్టిలో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉంటాయనీ, మేత, నిప్పు ఆగితే తమంతట తామే మొలకెత్తగలవనీ చెప్పారు. చెట్టు లేని చోట ఎండుకొమ్మలు పాతించారు. పక్షులు వాటిపై వాలి రెట్ట వేస్తే, అవి తిన్న పండ్ల గింజలు అక్కడే పడతాయి. కూలి లేని నాట్లన్నమాట! రెట్టల్లో గింజలు వెతకడం పిల్లలకు ఆటైపోయింది (తల్లులు మిమ్మల్ని తిట్టుకునే ఉంటారు).

పడిపోయిన మానును కట్టెలకు పోనివ్వకుండా అడ్డుపడిందీ మీరే. పుచ్చిన కలపలో పెంకుపురుగులు, శిలీంధ్రాలు ఎలా బతుకుతాయో చూపించాక చందాదారులు మాట్లాడలేదు. వెంటనే పచ్చగా కనిపించాలని తొందరపడేవారితో వాదించే ఓపిక నాకు లేదు. మీకు ఎక్కడినుంచి వచ్చిందో!

2021 నుంచి 2030 వరకు పర్యావరణ వ్యవస్థల పునరుద్ధరణ దశాబ్దమని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. పిల్లలకు ఆ మాట కంటే మీ భూతద్దమే ఎక్కువ నేర్పింది.

ఇప్పుడు చందాదారుల సమావేశంలో ఏ మొలక ఎక్కడ వచ్చిందో పిల్లలే చదివి వినిపిస్తున్నారు. మీ నోటుపుస్తకం వాళ్ల దగ్గరే ఉంది. కావాలంటే మీరే వచ్చి అడిగి తీసుకోండి, నేను ఇప్పించలేను.