గోలీల చప్పుడు గురించి శీనుకి

శీనూ,

నువ్వు తయారుచేసి పంపిన గోలీలాట వీడియోగేమ్ నిన్న రాత్రి మొదలుపెడితే పన్నెండు దాటాక గానీ వదల్లేకపోయాను. గోలీ గోలీకి తగిలినప్పుడు టక్కుమనే ఆ చప్పుడు ఎంత బాగుందో! మట్టి మీద ఒకలా, బండ మీద ఇంకొకలా వినిపించేలా చేశావు చూడు, నీ పనితనమంతా అక్కడే తెలిసిపోయింది. మన బడి వెనక వేపచెట్టు కింద ఆడిన మధ్యాహ్నాలు కళ్లముందు కదిలాయి.

ఆ తర్వాత కోడ్ కూడా తెరిచి చూశాను. ఫోనులో రెండు ముక్కలతో తేలే విషయం కాదని ఈ ఉత్తరం రాస్తున్నాను. బయటివాళ్ల లైబ్రరీలు, అంటే వాళ్లు ముందే రాసిపెట్టిన కోడ్ ముక్కలు, పదకొండు వాడావు. వాడుకునే షరతులు చెప్పే లైసెన్సు ఫైలు పక్కన ఉన్నవి నాలుగే. ఉచితంగా దొరకడం వేరు, నీ ఆటలో కలిపి అమ్ముకునే అనుమతి ఉండడం వేరు శీనూ.

డూమ్ సంగతి విను. 1993లో వచ్చిన ఆ వీడియోగేమ్ సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్‌ను, దాన్ని తయారుచేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ సంస్థ 1997 డిసెంబరులో అందరికీ ఇచ్చేసింది. అయితే ఇచ్చింది జనం ఆడిన, డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే రూపం కాదు, లైనక్స్ అనే మరో సిస్టమ్ మీద నడిచే రూపం. డాస్ ఆటలో చప్పుళ్ల కోసం డీఎంఎక్స్ అనే బయటి లైబ్రరీ వాడారు. దాని హక్కులు వేరొకరివి. సొంత ఆటను ఊరికే పంచిపెడతామన్నా ఆ ఒక్క ముక్క అడ్డుపడింది. అలా వాడడం పొరపాటని, ఇప్పుడు శబ్దం కోడ్ తానే రాసుకుంటున్నానని డూమ్ ప్రధాన ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ ఆ కోడ్‌తో పెట్టిన చీటీలోనే రాశాడు. అంతటివాడికే తప్పలేదు.

నాకూ ఆ దెబ్బ తెలుసు. నేను ఇంతకుముందు పనిచేసిన చోట వీడియోలు చూపించే లైబ్రరీ ఒకటి కొన్నారు. ఒప్పందంలో ఒక ఆట, కంప్యూటర్ మాత్రమే అని స్పష్టంగా ఉంది. ఆటను ఫోన్లకు తెచ్చేనాటికి ఆ కాగితం ఎవరికీ గుర్తులేదు. మళ్లీ డబ్బు కట్టే స్తోమత లేక, మా చిత్రకారిణి నాలుగు నెలలు కష్టపడి గీసిన కథాదృశ్యాలన్నీ తీసేశాం. ఆ రోజు ఆవిడ ముఖం నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

నీ మిగతా ఏడింటి లైసెన్సులు ఒక్కొక్కటీ వెతికాను. ఐదింటికి భయం లేదు. అవి ఎంఐటీ, జీలిబ్ అనే సులువు షరతుల లైసెన్సుల కింద ఉన్నవి. ఎంఐటీ వాటి హక్కుల ప్రకటనను ఆటతో పాటు ఇవ్వాలి. ఆట బొమ్మలు, శబ్దాలు, మీటల పని చూసుకునే ఎస్‌డీఎల్ లైబ్రరీ కూడా 2.0 రూపం నుంచి జీలిబ్ లైసెన్సుకు మారింది. అంతకుముందు ఎల్‌జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉండేది. ఆడేవాళ్లు ఆ లైబ్రరీని మార్చుకునే వీలు కల్పించాలన్నది అప్పటి షరతు.

ఆరోది ఎవరో నెట్‌లో పెట్టిన దారి వెతికే కోడ్. దానికి లైసెన్సే లేదు. లైసెన్సు లేదంటే ఎవరైనా వాడుకోవచ్చని అర్థం కాదు, హక్కులన్నీ రాసినవాడి దగ్గరే ఉన్నాయని అర్థం. అతనికి రాసి అనుమతి అడుగు, లేదా నువ్వే రాసుకో. నీకు రెండు రోజుల పని.

అసలు చిక్కు ఏడోదానితో వచ్చింది, నాకు అంత నచ్చిన ఆ చప్పుళ్లను కలిపే లైబ్రరీతో. దాని లైసెన్సు పేరు జీపీఎల్. అమ్ముకోవద్దని అది అనదు. కానీ దాన్ని కలిపి ఆటను బయటికి ఇస్తే, ఆట మొత్తం సోర్స్ కోడ్ కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. నీకు ఇష్టమైతే సరే, నేను కాదనను. మూసి ఉంచి అమ్మాలనుకుంటే మాత్రం ఇప్పుడే మార్చు. ఎఫ్‌మాడ్ అనే శబ్దాల లైబ్రరీని చిన్న బడ్జెట్ ఆటలకు ఉచితంగానే ఇస్తారు. నమోదు చేసుకుని, ఆటలో వాళ్ల పేరు చూపిస్తే చాలు. హద్దులు ఎప్పటికప్పుడు మారతాయి కాబట్టి ఈనాటి షరతులు చదివి, ఒక కాపీ దాచుకో.

శనివారం సాయంత్రం ఖాళీగా ఉంటాను, ఇద్దరం కూర్చుని మార్చేద్దాం. బండ మీద పడే ఆ టక్కు మాత్రం పిసరంత కూడా మారకూడదు.

నీ
మురళి