సొంత వ్యాపారం చేసుకునే తల్లులకూ ప్రసూతి భృతి ఇవ్వండి: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఇదే విషయమై మీ కార్యాలయానికి రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాను. అందిందన్న మాట కూడా రాలేదు. అందుకే ఈసారి నలుగురి ముందూ రాస్తున్నాను.

నాది చిన్న వ్యాపారం. యజమానినీ నేనే, పని చేసేదీ నేనే. కాన్పయిన 11వ రోజున పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని ఒంటి చేత్తో బిల్లు టైప్ చేశాను. కుట్లు ఇంకా మానలేదు. పాప ఏడుపు కస్టమర్‌కు వినపడకూడదని ఫోన్ మ్యూట్‌లో పెట్టి, పాలు పట్టి, మళ్లీ మాట్లాడాను. ఆ ఆర్డర్ పోతే అప్పు వాయిదా ఎలా కట్టాలన్నదే టెన్షన్. పాప మొదటి నెల నాకు సరిగా గుర్తు కూడా లేదు. ఆ బాధ ఏ లెక్కలోకీ రాదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒప్పందం కనీసం 14 వారాల ప్రసూతి సెలవు ఉండాలంటుంది. కానీ అది ఉద్యోగినుల కోసం. సెలవిచ్చే యజమాని లేని మాలాంటివాళ్లు అందులోకి రారు. యూరోపియన్ యూనియన్ మాత్రం 2010లోనే స్వయం ఉపాధి పొందే తల్లులకూ కనీసం 14 వారాలకు సరిపడా భృతి అందాలని ఆదేశం తెచ్చింది. కాబట్టి ఇది జరగని పనేమీ కాదు.

స్వయం ఉపాధిలో ఉన్న తల్లులను ప్రసూతి భృతి పరిధిలోకి తీసుకురండి. ఆ 14 వారాలూ అప్పు వాయిదాలు జరిమానా లేకుండా వాయిదా వేయించండి. ఈ లేఖకు 30 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తల్లి, చిరు వ్యాపారి