వార్షిక నివేదిక: పిల్లల చిరుతిళ్ల కార్యక్రమం

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన సంఘంలో అందరి నోళ్లలో నానింది పిల్లల చిరుతిళ్ల సంగతే కాబట్టి నివేదికలో సింహభాగం దానికే ఇస్తున్నాం. గ్రంథాలయం, మొక్కల పెంపకం ఎప్పటిలాగే సాగాయి.

మొదటి సమావేశం బెడిసికొట్టిందని ఒప్పుకోవాలి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలను కూర్చోబెట్టి విటమిన్ల మీద అరగంట ఉపన్యాసం ఇచ్చాం. వాళ్లు కిటికీలోంచి పిట్టలను చూశారు. పైగా అది ముగిశాక పెద్దలకు టీతో పాటు క్రీమ్ బిస్కెట్లు పంచాం. "మరి మాకు?" అని ఒక పాప అడిగితే జవాబివ్వడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

రెండో నెల నుంచి ఉపన్యాసాలు మానేసి, ప్రతి శనివారం సాయంత్రం పండ్ల ముక్కలతో ఒకటి, పచ్చి కూరగాయలతో ఒకటి పళ్లేలు పెట్టడం మొదలుపెట్టాం. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో నిర్ణయించేది పెద్దలు. తినాలో వద్దో, ఎంత తినాలో తేల్చుకునేది పిల్లలు. "ఇంకొక్క ముక్క" అని బతిమాలడం, "ఇది తింటే చాక్లెట్ ఇస్తా" అని ఆశపెట్టడం నిషేధం. అలా ఆశపెడితే పెరిగేది చాక్లెట్ విలువే. ఈ నియమం పిల్లల కన్నా తాతయ్యలకే కష్టమైంది.

ఒక నాలుగేళ్ల బాబు మొదటి వారం ఎర్ర క్యాప్సికం ముక్కను వాసన చూసి వదిలేశాడు. తర్వాతి వారం నాలుకకు తాకించి, చొక్కాకు తుడిచి, భద్రంగా పళ్లెంలోనే పెట్టాడు. ఆరో వారం పక్కనున్న పాప కరకరా నములుతుంటే చూసి తనూ ఒక మూల కొరికాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొత్త రుచి అలవాటవడానికి పది పదిహేను సార్లు పట్టవచ్చు. మనమేమో మూడోసారికే "వాడికి నచ్చదు" అని తేల్చేస్తాం.

పిల్లలకు పండ్ల రసం ఇవ్వడం మానేయడంపై అభ్యంతరాలు వచ్చాయి. ఆహారం నుంచి వచ్చే రోజువారీ శక్తిలో విడి చక్కెరల (తినేవాటిలో విడిగా కలిపేవి, తేనెలో, రసాల్లో ఉండేవి) వాటా 10 శాతం లోపు, వీలైతే 5 శాతం లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రసంలోని చక్కెర ఈ లెక్కలోకే వస్తుంది, పండులో ఉన్నది రాదు. అందుకే పండు, మంచినీళ్లు చాలన్నది మా నిర్ణయం. ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేసే ఇచ్చాం. గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉన్నందున బాదం, జీడిపప్పు లాంటి గింజపప్పులను పూర్తి గింజలుగా పెట్టలేదు.

వచ్చే ఏడాది మెత్తటి పండ్లను పిల్లలే కోసుకునే ఏర్పాటు చేస్తాం. కార్యవర్గ సమావేశాల్లో క్రీమ్ బిస్కెట్లు ఆపాలన్న తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. కోశాధికారి అసమ్మతిని ఆయన కోరిక మేరకు ఇక్కడ నమోదు చేస్తున్నాం.

ఇట్లు,
కార్యదర్శి