మొదటి గంట మాకు వదిలేయండి

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పి, ఆ తర్వాత పదకొండేళ్లు హెడ్‌మాస్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు నాకు మెమో ఇచ్చేవాళ్లు లేరు కాబట్టి ఈ ఉత్తరం ధైర్యంగా రాస్తున్నాను.

అడిగేది చిన్నదే. బడి మొదలవడానికి ముందు అరగంట, మొదలయ్యాక మొదటి పీరియడ్ అయ్యేదాకా, ఏ హెడ్‌మాస్టర్‌కీ మీ శాఖ నుంచి ఫోన్ రాకూడదు. వీడియో కాన్ఫరెన్స్ పెట్టకూడదు. "అర్జెంటు, పది గంటల లోపు పంపండి" అనే మెసేజ్ అసలే రాకూడదు. ఆ సమయంలో మాకు వేరే పని ఉంటుంది.

ఏం పని అంటారేమో. నా సంగతే చెబుతాను. హెడ్‌మాస్టర్‌నైన మొదటి ఏడాది ఆలస్యంగా వచ్చే పిల్లల్ని గేటు దగ్గర నిలబెట్టి పేర్లు రాయించేవాణ్ణి. ఎనిమిదో తరగతి కుర్రాడొకడు వారానికి ఒకరోజు తప్పకుండా లేటు. రెండుసార్లు తిట్టాను, ఒకసారి ఇంట్లోవాళ్లను పిలిపించాను. మార్పు లేదు. ఒకరోజు మా అటెండరు ఫైలు బల్లమీద పెడుతూ, "సార్, వాడికి నత్తి అండీ. ఆరోజు ప్రార్థనలో వార్తలు చదివే వంతు వాడిది" అన్నాడు. అప్పటికి మూడు నెలలైంది. ఆ సంగతి బడిలో నాకు తప్ప అందరికీ తెలుసు. నేను పొద్దున్నే గదిలో కూర్చుని, ఎంతమంది ఆలస్యంగా వచ్చారో లెక్క రాసి పైకి పంపుతున్నాను. ఆ అంకెలో వాడూ ఉన్నాడు.

తర్వాత గేటు దగ్గర నేనే నిలబడటం మొదలుపెట్టాను. పేర్లు రాయడానికి కాదు, పేరు పెట్టి పలకరించడానికి. 400 మంది పిల్లల పేర్లు నేర్చుకోడానికి నాకు ఏడాదిన్నర పట్టింది, కొన్ని తప్పు పిలిచి నవ్వులపాలయ్యాను కూడా. కానీ పిల్లలు గేటు దగ్గర చెప్పే సంగతులు ఆఫీసు గదిలోకి వచ్చి చెప్పరు. హెడ్‌మాస్టర్ గదిలోకి పిలిచారంటేనే వాళ్లకు టెన్షన్.

ఇక తోటి టీచర్ల విషయం. ఇది ఇంకా కష్టం. నిన్నటిదాకా స్టాఫ్ రూంలో పక్క కుర్చీలో కూర్చున్నవాణ్ణి ఇవాళ ఎదురు కుర్చీలోకి మారాను. దానికి నాకు ఇచ్చిన ట్రైనింగ్‌లో లెక్కలు, రిజిస్టర్లు, సర్వీసు రూల్సు ఉన్నాయి. మనసు విరిగిన టీచరుతో ఎలా మాట్లాడాలో, ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరి చేత కలిసి పని ఎలా చేయించాలో ఒక్క పూటైనా లేదు.

క్లాసులు పరిశీలించాలన్నారు కాబట్టి నోట్‌బుక్ పట్టుకుని తిరిగాను. గదికి ఐదు నిమిషాలు, వెనకాల నిలబడి నాలుగు ముక్కలు రాసుకుని వెళ్లిపోవడం. ఒకరోజు లెక్కల మేడం అడిగేశారు: "సార్, మీరొచ్చినప్పుడు పిల్లలు పాఠం వదిలేసి మిమ్మల్ని చూస్తారు. మీరెళ్లాక నేను పాఠం వదిలేసి మీరేం రాసుకున్నారా అని ఆలోచిస్తాను. ఇంతకీ ఏం రాశారు?" నోట్‌బుక్ తీసి చూపించాను. 'బోర్డు వాడకం బాగుంది' అని ఉంది. ఇద్దరం నవ్వుకున్నాం గానీ, నాకు లోపల సిగ్గనిపించింది.

ఇది నా ఒక్కడి అనుభవం కాదని చాలా తర్వాత తెలిసింది. అమెరికాలోని మయామీ-డేడ్ జిల్లాలో సుమారు 100 మంది ప్రిన్సిపాళ్ల వెంట తిరిగి, వాళ్లు రోజంతా ఏం చేస్తున్నారో రాసుకుని, జేసన్ గ్రిసమ్, సుసానా లోబ్, బెన్ మాస్టర్ 2013లో ఒక పరిశోధన ప్రచురించారు. టీచరుతో కూర్చుని పాఠం మెరుగుపరచడానికి సాయం చేసిన ప్రిన్సిపాళ్ల బడుల్లో పిల్లల చదువు ముందుకు సాగింది. ఊరికే క్లాసుల చుట్టూ ఎక్కువ తిరిగిన చోట ఆ ముందడుగు తగ్గింది. మీ పరిశీలన ఫారాల్లో ఇప్పటికీ ఎన్ని క్లాసులు చూశారనే గడే ఉంది. చూశాక టీచరుతో ఎంతసేపు మాట్లాడారనే గడి లేదు. దయచేసి అదొకటి కొత్తగా పెట్టించకండి, ఉన్నదాన్ని తీసేయించండి చాలు.

నేను తర్వాత నోట్‌బుక్ మానేశాను. వారానికి ఇద్దరి క్లాసుల్లో పూర్తి పీరియడ్ చివరి బెంచీలో కూర్చునేవాణ్ణి. అయ్యాక ఒక్క ప్రశ్న: "ఇవాళ ఎక్కడ ఇబ్బంది అనిపించింది?" ముందుగా నా క్లాసుకే వాళ్లను రమ్మన్నాను. భిన్నాలు చెబుతూ నేను తడబడటం చూశాక వాళ్లకు భయం పోయింది. రెండో ఏడాదికి లెక్కల మేడం క్లాసులో సైన్సు సారు కూర్చున్నారు, నేను చెప్పకుండానే.

నమ్మకం అంటే మెత్తటి మాటలా అనిపిస్తుంది, బడ్జెట్‌లో దానికి పద్దు ఉండదు. కానీ షికాగో ప్రాథమిక పాఠశాలలను 1990లలో ఏళ్ల తరబడి గమనించిన ఆంథొనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ దాన్ని కొలిచే చూశారు. టీచర్లు, ప్రిన్సిపాల్, తల్లిదండ్రుల మధ్య గట్టి నమ్మకం ఉన్న బడుల్లో ప్రతి రెండింటిలో ఒకటి మెరుగుపడే అవకాశం కనిపించింది. నమ్మకం బలహీనంగా ఉన్నచోట ప్రతి ఏడింటిలో ఒకటే. ఆ నమ్మకం కుదరడానికి సంవత్సరాలు పడుతుంది. ఒక హెడ్‌మాస్టర్ పిల్లల పేర్లు నేర్చుకునేలోపు బదిలీ చేస్తే, వచ్చినాయన మళ్లీ అక్కడే మొదలుపెట్టాలి. అందుకని ఐదేళ్లు కదపకండి, మరీ తప్పు చేస్తే తప్ప.

ఒక భయం కూడా చెప్పాలి. తరగతి గుమ్మం దగ్గర టీచరు నిలబడి ఒక్కొక్క విద్యార్థినీ పలకరిస్తే, వాళ్లు పాఠంలో నిమగ్నమయ్యే సమయం 20 శాతం పాయింట్లు పెరిగిందని 2018లో క్లేటన్ కుక్ బృందం చెప్పింది. పది క్లాసుల్లో చేసిన చిన్న ప్రయోగం అది. దీన్ని ఎవరైనా మీ టేబుల్ మీదికి తెస్తే, మర్నాడే 'పలకరింపు యాప్' వస్తుందేమోనని నా బెంగ. గేటు దగ్గర నమస్కారం పెడుతున్న ఫొటో, లొకేషన్‌తో సహా, 9:15 లోపు అప్‌లోడ్ చేయాలి! అప్పుడు హెడ్‌మాస్టర్ పిల్లవాడి ముఖం కాకుండా ఫోన్లో సిగ్నల్ చూసుకుంటాడు.

కాబట్టి కొత్త పథకం ప్రకటించవద్దు. ఆ గంటన్నరకు మీ కార్యాలయాల నుంచి ఏదీ అడగకూడదని ఒక సర్క్యులర్ ఇప్పించండి. అది పాటించారో లేదో మా నుంచి మాత్రం నివేదిక అడగకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టర్