ఇంపోర్టు ఎర్రర్‌కు అతుకులొద్దు

సంపాదకులకు,

ఇంజినీరింగ్ ప్రాజెక్టు వైవాల సమయంలో అనంతపురం, కర్నూలు, కడప ల్యాబుల్లో తరచూ కనిపించేదే ఇది. ఇంట్లో లాప్‌టాప్‌లో చక్కగా నడిచిన పైథాన్ ప్రోగ్రాం కాలేజీ కంప్యూటర్‌లో మొరాయిస్తుంది. ఎర్రర్ ఇంపోర్టు దగ్గరే, అంటే వేరే ఫైలులోని కోడ్‌ను పిలుచుకునే చోటే. దానికి పిల్లలు చేసే వైద్యం, ఫైలు మొదట్లో సిస్.పాత్.అపెండ్ రాసి, పైథాన్ వెతికే ఫోల్డర్ల జాబితా అయిన సిస్.పాత్‌లో తమ డి డ్రైవులోని ఫోల్డర్ దారి ఇరికించడం. ఆ దారి ఇంకో కంప్యూటర్‌లో ఎందుకుంటుంది?

వేరుశనగ ధరల ప్రాజెక్టు తీసుకుందాం. ప్రాజెక్టు ఫోల్డర్‌లో 'యార్డు' అనే ప్యాకేజీ (కోడ్ ఫైళ్లుండే ఫోల్డర్), దాని లోపల 'ధరలు', 'నివేదిక' అనే రెండు మాడ్యూళ్లు, అంటే పైథాన్ ఫైళ్లు. నివేదికలో 'ఫ్రమ్ డాట్ ధరలు ఇంపోర్ట్ సగటు' అని ఉంది. రన్ బటన్ నొక్కితే ఆ ఫైలు ప్యాకేజీలో భాగంగా కాక విడి స్క్రిప్టుగా నడుస్తుంది. డాట్ అంటే 'ఈ ప్యాకేజీలోంచే' అని. ఏ ప్యాకేజీయో తెలియనప్పుడు పైథాన్ ఎక్కడ వెతకాలి? 'నో నోన్ పేరెంట్ ప్యాకేజ్' అనే ఎర్రర్‌కు అర్థం అదే. డాట్ తీసేస్తే అప్పటికి నడుస్తుంది, ఎందుకంటే స్క్రిప్టు ఉన్న ఫోల్డర్‌నే పైథాన్ 3 ముందుగా వెతుకుతుంది. బయటి ఫైలు నుంచి యార్డును పిలవగానే మళ్లీ మొదటికొస్తుంది.

చేయాల్సింది చిన్న పని. టెర్మినల్‌లో యార్డులోకి కాదు, దాని పై ఫోల్డర్‌లోకి వెళ్లి 'పైథాన్ మైనస్ ఎం యార్డు.నివేదిక' అని కొట్టాలి. అప్పుడు ఆ ఫైలు ప్యాకేజీలో భాగంగానే నడుస్తుంది. చివర డాట్ పీవై ఉండకూడదు, చాలామంది ఇక్కడే తప్పుతారు. ప్రాజెక్టు వివరాలు చెప్పే పైప్రాజెక్ట్ డాట్ టామ్‌ల్ ఫైలు రాసుకుని, ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసే 'పిప్ ఇన్‌స్టాల్ మైనస్ ఈ డాట్' ఆదేశం ఒకసారి నడిపితే ఆ కంప్యూటర్‌లో ఏ ఫోల్డర్‌లో ఉన్నా యార్డు దొరుకుతుంది. ఈ రెండూ వచ్చాక సిస్.పాత్ జోలికి పోనవసరం లేదు.

మరో చిక్కు, ధరలు నివేదికను, నివేదిక ధరలను పరస్పరం ఇంపోర్టు చేసుకోవడం. ఒక ఫైలు సగం నడిచేసరికే రెండోది అందులోని ఫంక్షన్ అడుగుతుంది. అది ఇంకా తయారై ఉండదు. 3.8 వెర్షన్ నుంచి ఎర్రర్‌లోనే 'సర్క్యులర్ ఇంపోర్ట్' అని వస్తోంది, చదివితే చాలు. ఇంపోర్టును ఫంక్షన్ లోపలికి నెట్టి గట్టెక్కవచ్చు గానీ చిక్కుముడి అలాగే ఉంటుంది. రెండింటికీ కావలసిన కోడ్‌ను మూడో మాడ్యూల్లోకి తీయాలి. నివేదిక ధరలను అడగవచ్చు. ధరలకు నివేదికతో పనేమిటి?

ఇక స్క్రిప్టు పక్కన ఫైలుకు రాండమ్, సీఎస్‌వీ లాంటి పేర్లు పెట్టొద్దు. పైథాన్‌తో వచ్చే లైబ్రరీ మరుగునపడి మన ఫైలే దొరుకుతుంది.

మీ విద్యా పేజీలో పైథాన్ పాఠాలు వేసేటప్పుడు ఒకే ఫైలు ఉదాహరణలతో ఆపకండి. రెండు మాడ్యూళ్ల ప్యాకేజీని మైనస్ ఎం తో నడిపి చూపే పాఠం ఒక్కటైనా, వైవాలకు ముందే వేయగలరు.

– ఒక పాఠకుడు, అనంతపురం